మీడ్ సీసా ఎక్కడ పెట్టాలి, ఎలా పోయాలి: ఇంట్లో ఎవరికి ఏది నప్పుతుంది

కిందటి వేసవిలో కూకట్‌పల్లి నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. పోలండ్‌లో పనిచేసి వచ్చిన స్నేహితుడొకడు వాడికి మీడ్, అంటే తేనెతో చేసిన మద్యం, ఒక సీసా తెచ్చిచ్చాడట. "అన్నా, ఇది ఫ్రిజ్‌లో పెట్టాలా, బయట ఉంచాలా? సగం తాగి మూత పెడితే పాడైపోతుందా?" అని అడిగాడు. ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. "ముందు సీసా మీద ఆల్కహాల్ శాతం ఎంతుందో చదువు" అన్నాను.

నేను డాలస్ పక్కన ఉంటాను. ఎనిమిదేళ్లుగా ఇంట్లోనే మీడ్ చేస్తున్నాను. పోయించుకున్నవాళ్లంతా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు: చల్లగా తాగాలా, ఏ గ్లాసులో, ఎన్నాళ్లుంటుంది, మిగిలింది ఏం చెయ్యాలి. వైన్‌కు చెప్పిన జవాబు మీడ్‌కు సగమే పనికొస్తుంది, బీరుకు చెప్పింది ఇంకో సగానికి. ఎందుకంటే మీడ్ పేరుతో అమ్మేవాటిలో బీరులాంటివీ ఉన్నాయి, చిక్కటి పాకంలాంటివీ ఉన్నాయి.

సీసా చేతిలోకి తీసుకోగానే చూడాల్సినవి

తేనె, నీళ్లు, ఈస్ట్. ఈ మూడూ కలిసి పులిస్తే మీడ్. సంస్కృత నిఘంటువుల్లో మధ్వాసవం, మాధ్వీకం అన్న పేర్లు దీనికి చాలా కాలంగా ఉన్నాయి. నీళ్లకు తేనె ఎంత కలిపారన్నదాన్ని బట్టే బలం, తీపి, నిలవ ఉండే కాలం మారిపోతాయి.

మొదట చూడాల్సింది ఆల్కహాల్ శాతం. 3.5 నుంచి 7.5 శాతం దాకా ఉన్నవి తేలికపాటివి. పూణె, నాసిక్‌లలో తయారయ్యే మన దేశపు మీడ్‌లు చాలావరకు ఈ కోవకు చెందినవే, గ్యాస్ ఉంటుంది, బీరులా తాగేయవచ్చు. 7.5 నుంచి 14 దాకా మధ్య రకం, వైన్‌తో పోల్చదగ్గది. 14 దాటి 18 దాకా ఉండేవి బరువు రకం. పోలండ్ వాళ్లు ఈ తేడాను పేర్లలోనే పెట్టుకున్నారు. ఒక పాలు తేనెకు సగం పాలు నీళ్లయితే పూవ్‌తోరాక్, సమానంగా కలిపితే ద్వుయ్‌న్యాక్, రెండు పాళ్ల నీళ్లయితే త్రుయ్‌న్యాక్, మూడు పాళ్లయితే చ్వుర్న్యాక్. ఐరోపా సమాఖ్య 2008లో ఈ నాలుగు పేర్లకూ సంప్రదాయ ఉత్పత్తులుగా రక్షణ ఇచ్చింది. మొదటి రెండూ 15 నుంచి 18 శాతం, త్రుయ్‌న్యాక్ 12 నుంచి 15, చ్వుర్న్యాక్ 9 నుంచి 12. మా తమ్ముడి సీసా ద్వుయ్‌న్యాక్ అని తేలింది.

రెండోది తీపి. మూడోది గ్యాస్ ఉందా లేదా. నాలుగోది పండ్లు కలిసాయా. నేరేడు, బ్లాక్‌బెర్రీ, చెర్రీ లాంటివి కలిపితే ఆ రంగు, తాజా వాసన ముందు పోతాయి, తేనె తర్వాత పోతుంది. అందుకే పళ్ల మీడ్‌ను ఏళ్ల తరబడి దాచమని నేనెవరికీ చెప్పను.

ఈ నాలుగూ తెలిస్తే మిగతాదంతా రెండు శత్రువుల లెక్క. బిరడా తియ్యకముందు శత్రువు వేడి. తీశాక శత్రువు గాలి.

తెరవని సీసాకు ఇంట్లో ఏ చోటు

పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం సుమారు రెట్టింపవుతుందని బళ్లో చదువుకున్నదే ఇక్కడా వర్తిస్తుంది. 15 డిగ్రీల దగ్గర నెమ్మదిగా పండే మీడ్, 35 దగ్గర తొందరగా ముసలిదవుతుంది. వేడి ఎంతన్నది ఎంత ముఖ్యమో, అది పగలూ రాత్రీ ఊగిసలాడకపోవడం అంతే ముఖ్యం. వేడెక్కినప్పుడు లోపలి ద్రవం ఉబ్బి బిరడాను తోస్తుంది, చల్లబడినప్పుడు బయటి గాలిని లాక్కుంటుంది. రోజూ ఇదే జరిగితే ఆరు నెలల్లో మూత కింద ఖాళీ పెరుగుతుంది.

| చోటు | వేడి ఎలా ఉంటుంది | ఏ మీడ్‌కు | నా మాట |
|---|---|---|---|
| అటక | స్లాబు కింద, వేసవిలో ఇంట్లోకెల్లా వేడి | దేనికీ కాదు | ఖాళీ సీసాలకు మాత్రమే |
| వంటగది అర, ఫ్రిజ్ పైభాగం | పొయ్యి, మోటారు వేడి. రోజంతా ఊగిసలాట | దేనికీ కాదు | చాలామంది చేసే పొరపాటు |
| ఇంటి మధ్యగదిలో బీరువా అడుగు అర | ఓ మోస్తరు, నిలకడగా | మధ్య, బరువు రకాలు | ఒక ఏడాది లోపు తాగేవాళ్లకు చాలు |
| మామూలు ఫ్రిజ్ | 4 డిగ్రీల దగ్గర | తేలికపాటివి, పళ్లవి, గ్యాస్ ఉన్నవి | తలుపులో కాకుండా వెనక అరలో |
| వైన్ ఫ్రిజ్ | 12 నుంచి 14 డిగ్రీలకు పెట్టుకోవచ్చు | అన్నీ | పది సీసాలు దాటితేనే కొనండి |
| నేలమాళిగ | చల్లని ఊళ్లలో ఏడాదంతా నిలకడ | మధ్య, బరువు రకాలు | ఉంటే అదృష్టం |

బీరువా అడుగు అర గురించి కొంచెం చెప్పాలి, మన ఇళ్లలో ఎక్కువమందికి మిగిలే దారి అదే కనక. హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో పడమటి గోడకు ఆనుకున్న బీరువా, ఇంటి మధ్య గోడకు ఆనుకున్న బీరువా ఒకటి కావు. మే నెల సాయంత్రం ఆ పడమటి గోడ మీద చెయ్యి పెడితే తెలుస్తుంది. ఎండ తగలని గోడ, నేలకు దగ్గర అర, సీసా చుట్టూ రెండు మడతల పాత దుప్పటి. ఇలా చేస్తే గది 34 డిగ్రీలకు వెళ్లినా సీసా ఒక్కసారిగా వెళ్లదు. రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇదీ చాలదు. అక్కడివాళ్లు ఆ మూడు నెలలూ ఫ్రిజ్‌లో పెట్టేయడమే మేలు. మీడ్‌కు చలి వల్ల నష్టం లేదు, పండడం నెమ్మదిస్తుందంతే. ఫ్రీజర్‌లో మాత్రం వద్దు: తేలికపాటివి గడ్డకట్టి సీసా పగులుతుంది.

టెక్సస్‌లో ఇళ్లకు నేలమాళిగలు అరుదు. మొదటి ఏడాది నేను చేసిన బ్లాక్‌బెర్రీ మీడ్ పన్నెండు సీసాలు గరాజ్‌లో ఉంచాను. జూలై, ఆగస్టుల్లో గరాజ్ 40 దాటింది. సెప్టెంబరులో తెరిస్తే పండు వాసన పోయి, తడిసిన అట్టపెట్టె వాసన, ఎండు ఖర్జూరం రుచి మిగిలాయి. ఎర్రటి రంగు ఇటుక రంగుకు తిరిగింది. పన్నెండు సీసాలకూ అదే గతి. ఇప్పుడు నా సీసాలన్నీ ఇంటి మధ్యనున్న బట్టల గదిలో ఉంటాయి.

వెలుతురు విషయంలో బీరుకున్నంత భయం లేదు. వెలుగు పడితే బీరుకు పట్టే ఆ చెడు వాసన, దానికి చేదు పట్టించే హాప్స్ పూల వల్ల వస్తుంది, మామూలు మీడ్‌లో హాప్స్ ఉండవు. అయినా తెల్లగాజు సీసాలో ఉన్న పళ్ల మీడ్‌ను కిటికీ దగ్గర అందంగా పెట్టుకుంటే రంగు పాలిపోతుంది.

పడుకోబెట్టాలా, నిలబెట్టాలా? అసలు కార్క్ ఉంటే పడుకోబెట్టండి, కార్క్ తడిగా ఉండి బిగుతు పోదు. మరమూత, ఇనుప మూత, మైనం పూసిన మట్టి సీసా, పైన చెక్కబొత్తం ఉన్న పొట్టి బిరడా: ఇవన్నీ నిలబెట్టాల్సినవే. పోలండ్ నుంచి వచ్చే మట్టి సీసాలను చూసి చాలామంది వైన్ అనుకుని పడుకోబెడతారు, అవి కారతాయి.

ఎన్నాళ్లు? నా అనుభవంలో తేలికపాటిది ఏడాది లోపు, మధ్య రకం రెండు నుంచి ఐదేళ్లు, బరువు రకం పదేళ్లు కూడా. సీసా మీద గడువు తేదీ ఉంటే దాన్నే నమ్మండి.

ఇథియోపియావాళ్ల మీడ్ అయిన తేజ్ ఈ లెక్కలోకి రాదు. గేషో అనే మొక్క ఆకులు, కొమ్మలతో చేదు పట్టించి, బెరెలే అనే గుండ్రటి మెడసన్నం గాజు బుడ్డిలో పోసి, తాజాగా తాగేస్తారు. అమెరికాలో ఇథియోపియా హోటళ్లలో ఇంటి తేజ్ ఇస్తే కొని దాచుకోకండి, అక్కడే తాగండి.

తెరిచాక

నా అభిప్రాయం గట్టిగా చెప్పేది ఇక్కడే: డబ్బు పెట్టి పరికరాలు కొనక్కర్లేదు, ఒక చిన్న ఖాళీ సీసా చాలు.

750 మి.లీ. సీసాలో సగం తాగారనుకోండి. మిగిలిన ఖాళీలో 375 మి.లీ. గాలి చేరింది, అందులో 80 మి.లీ.కి దగ్గరగా ఆక్సిజన్. ఆ ఆక్సిజనే వాసనను చంపుతుంది, పుల్లబెట్టే సూక్ష్మజీవులకు ఊపిరి పోస్తుంది. అదే మిగిలిన సగాన్ని, తెరిచిన వెంటనే, మరిగే నీళ్లతో కడిగి ఆరబెట్టిన 375 మి.లీ. సీసాలో గొంతు దాకా నింపి మూత బిగిస్తే గాలికి చోటే ఉండదు. "వెంటనే" అన్నది ముఖ్యం. భోజనమంతా అయ్యాక, మూత తీసి మూడు గంటలయ్యాక పోస్తే సగం మేలు పోయినట్టే. సగమే తాగుతామని ముందే తెలిస్తే మొదటి గ్లాసుకు ముందే సగం పక్కకు తీసేయండి.

మిగతా దారులు ఇలా ఉంటాయి. అదే బిరడా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచడం: ఖర్చు లేదు, మధ్య రకానికి నాలుగైదు రోజులు, తీపిదైతే రెండు వారాలు నడుస్తుంది. గాలి లాగే చేతి పంపు: చౌకే, కొన్ని రోజులు కలిసొస్తాయి, కానీ గ్యాస్ ఉన్న మీడ్‌కు వాడితే ఆ గ్యాసే బయటికి లాగేస్తుంది. సీసాలోని గాలిని పక్కకు తోసే ఆర్గాన్ వాయువు స్ప్రే: బాగా పనిచేస్తుంది, కానీ ఖరీదు. ఐదారు వేల రూపాయల సీసాలు దాచేవాళ్లకు తప్ప నేను చెప్పను. గ్యాస్ ఉన్నదాన్ని తెరిస్తే ఆ రోజే పూర్తి చెయ్యడం, లేదంటే షాంపేన్ సీసాలకు వాడే పట్టుమూత బిగించి మర్నాటికి ఉంచడం, అంతకు మించి ఆశించవద్దు.

బరువు రకం తెరిచినా భయపడనక్కర్లేదు. 15 శాతం దాటిన చోట పుల్లబెట్టే బ్యాక్టీరియా బతకడమే కష్టం. మా తమ్ముడికి చెప్పిందీ అదే: "సగం తాగు, మూత పెట్టి ఫ్రిజ్‌లో నిలబెట్టు, దీపావళి దాకా చూసుకోనక్కర్లేదు." నిజంగానే నాలుగు నెలలు ఉంచాడు. రుచి కొంచెం ఎండు ద్రాక్ష వైపు తిరిగిందన్నాడు, ఆ రకానికి అది బాగానే ఉంటుంది.

ఎంత చల్లగా, ఎంత వెచ్చగా

చలి తీపిని అణిచిపెడుతుంది, వాసనను కూడా. వేడి రెండింటినీ పెంచుతుంది, ఆల్కహాల్ ఘాటును కూడా పెంచుతుంది. తేలికపాటి గ్యాస్ మీడ్‌ను 4 నుంచి 7 డిగ్రీల దగ్గర తాగండి, ఆ చలిలోనే గ్యాస్ ద్రవంలో నిలుస్తుంది. తీపి తక్కువున్న మధ్య రకం 8 నుంచి 11. తీపి మధ్య రకం, బరువు రకం 12 నుంచి 16. ఇక్కడ "గది వేడి" అని రాసిన సలహాలను నమ్మకండి. చలిదేశపు గది 18 డిగ్రీలు, విజయవాడ గది 32. మన దగ్గర బరువు రకాన్ని కూడా ఫ్రిజ్‌లోంచి తీసి, కాసేపు బల్ల మీద ఉంచి పోయడమే సరైన పద్ధతి.

హఠాత్తుగా అతిథులొస్తే బకెట్లో ఐసు, నీళ్లు, గుప్పెడు కల్లుప్పు వేసి సీసా మెడ దాకా ముంచండి. ఫ్రిజ్‌లో రెండు గంటలు పట్టేది పావుగంటలో అవుతుంది. కరెంటు లేకపోతే తడి నూలుగుడ్డ చుట్టి ఫ్యాను గాలికో కిటికీ గాలికో పెట్టడం తెలంగాణ ఎండుగాలిలో బాగా పనిచేస్తుంది. విశాఖ ఉక్కలో పనిచేయదు. కూజాలో నీళ్లు చల్లబడే సూత్రమే కదా.

వేడి చేసి తాగడమూ ఉంది. పోలండ్‌లో చలికాలపు అలవాటు అది. కాలిఫోర్నియాలో చేసే చాసర్స్ మీడ్ సీసాతోపాటు మసాలా పొట్లం కూడా వస్తుంది. డాలస్‌లో జనవరి రాత్రికి నేను దాల్చిన చెక్క, రెండు లవంగాలు, నాలుగు మిరియాలు, ఒక యాలక్కాయ వేసి, సన్నటి సెగ మీద ఆవిరి లేచే దాకా ఉంచుతాను. మరగనివ్వకూడదు. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది, 60 దగ్గర ఆపాలి. ఇది మామూలు తీపి మీడ్‌కే. మంచి పళ్ల మీడ్‌ను వేడి చేస్తే జామ్ వాసన వస్తుంది.

గ్లాసు సంగతి

పొట్ట వెడల్పుగా, మూతి సన్నగా ఉన్న తెల్లవైన్ గ్లాసు ఒక్కటి ఉంటే అన్ని రకాలకూ సరిపోతుంది. మూడో వంతే నింపండి, మిగిలిన చోటు వాసన కోసం. స్టీలు గ్లాసులో తాగితే ప్రమాదమేం లేదు కానీ రంగు కనపడదు, వాసన చెదిరిపోతుంది. రాగి, ఇత్తడి గ్లాసులు మాత్రం వద్దు. మీడ్ పులుపు గుణం ఉన్నది, కళాయి లేని రాగిని కరిగిస్తుంది. చూడ్డానికి బాగుందని రాగి లోటాలో మీడ్ పోసి బహుమతిగా ఇచ్చినవాళ్లను చూశాను, దయచేసి చెయ్యకండి.

ఎంత పొయ్యాలన్నది గ్లాసుకన్నా ముఖ్యం. 16 శాతం మీడ్ 100 మి.లీ.లో ఉన్న ఆల్కహాల్, 6.5 శాతం మీడ్ 250 మి.లీ.లో ఉన్నదానికి దాదాపు సమానం. తియ్యగా ఉండటంతో గొంతు హెచ్చరించదు. బరువు రకాన్ని 60 నుంచి 90 మి.లీ. పోయండి. బండి నడిపేవాళ్లకు అదీ వద్దు.

మన తిండితో

కారం ఆల్కహాల్‌తో కలిస్తే ఇంకా మండుతుంది. గుంటూరు కారం దట్టించిన కోడివేపుడుకు 14 శాతం తీపి లేని మీడ్ ఇస్తే నోరు కాలిపోతుంది. చల్లటి, కొద్దిగా తీపున్న తేలికపాటిదే దానికి జోడీ. రొయ్యల వేపుడు, కాల్చిన చేప లాంటి కారం తక్కువ వాటికి తీపి తక్కువున్న మధ్య రకం. చింతపండు పులుసులతో నాకెప్పుడూ కుదరలేదు, పులుపు ముందు మీడ్ చప్పబడుతుంది. మిఠాయిలకు ఒకటే కొలత: గ్లాసులోది పళ్లెంలోదానికన్నా తియ్యగా ఉండాలి. అందుకే బొబ్బట్లు, అరిసెల పక్కన బరువు రకం తప్ప ఏదీ నిలబడదు. ఉప్పు వేసి వేయించిన జీడిపప్పుతో బరువు రకం తాగి చూడండి, నాకు మిఠాయిలకన్నా అదే ఇష్టం.

మీరెవరైతే ఏది

వారాంతానికి రెండు మూడు చిన్న సీసాలు కొనుక్కునేవాళ్లు: ఫ్రిజ్ వెనక అర, తెల్లవైన్ గ్లాసు. ఇంకేం అక్కర్లేదు. అంగట్లో తయారీ తేదీ చూసి కొత్తదే తీసుకోండి, ఎండ పడే అద్దాల బీరువాలో నిలబెట్టిన సీసాలు వదిలెయ్యండి.

విదేశం నుంచి ఒక మంచి సీసా బహుమతిగా వచ్చినవాళ్లు: బరువు రకమైతే బీరువా అడుగు అర, లేదా ఎండాకాలమైతే ఫ్రిజ్. ఏదో గొప్ప సందర్భం కోసం అని పదేళ్లు దాచడం వేడి ఊళ్లలో తెలివైన పని కాదు, ఏడాదిలో తెరవండి. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్లేముందు అక్కడి ఎక్సైజ్ పరిమితి కనుక్కోండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 21 ఏళ్లు నిండాలి, అమెరికాలోనూ అంతే.

ఇంట్లో చేసుకునేవాళ్లు: ఇది అమెరికాలో ఉన్నవారికే చెబుతున్నాను. అక్కడ ఫెడరల్ చట్టం సొంత వాడకానికి ఏడాదికి ఒక్కరున్న ఇంటికి 100 గ్యాలన్లు, ఇద్దరు పెద్దలుంటే 200 గ్యాలన్ల దాకా అనుమతిస్తుంది, అమ్మకూడదు. మన రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో చెయ్యడం నేరం.

ఇంట్లో చేసుకునేవాళ్లకు నిలవ చెయ్యడంలో అసలు ప్రమాదం వేడి కాదు, సీసా పేలడం. తీపి మీడ్‌లో లీటరుకు 60 గ్రాములకు పైగా చక్కెర మిగిలి ఉంటుంది. అందులో 24 గ్రాములు సీసాలోనే పులిస్తే చాలు, షాంపేన్ సీసాలో ఉండేంత ఒత్తిడి, అంటే మామూలు గాలి ఒత్తిడికి ఆరు రెట్లు, పుడుతుంది. మామూలు వైన్ సీసా దానికి ఆగదు. అందుకని పులవడం ఆగిందని కంటితో చూసి నమ్మకండి. ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ రీడింగ్ రెండు వారాల తేడాతో రెండుసార్లు ఒకేలా రావాలి. తీపి వదిలేస్తే, మళ్లీ పులవకుండా ఆపే పొటాషియం మెటాబైసల్ఫైట్, పొటాషియం సార్బేట్ రెండూ వెయ్యాలి. సార్బేట్ ఈస్ట్‌ను చంపదు, పెరగకుండా ఆపుతుంది, అందుకే పులుస్తున్న మీడ్‌లో వేసి ప్రయోజనం లేదు. అనుమానమున్న విడత నుంచి ఒక సీసా మాత్రం ప్లాస్టిక్ సోడా సీసాలో నింపుకోండి. అది నొక్కితే రాయిలా గట్టిగా తగిలిన రోజున, చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని, కళ్లకు అద్దాలు పెట్టుకుని, గాజు సీసాలన్నీ ఫ్రిజ్‌లోకి చేర్చి, చల్లబడ్డాకే ఒక్కొక్కటీ మూత తియ్యండి.

పది పదిహేను సీసాలు పోగేసేవాళ్లు: వైన్ ఫ్రిజ్ మీకే. 13 డిగ్రీలకు పెట్టి మరిచిపోండి. ప్రతి సీసా మెడకు కాగితం కట్టి కొన్న నెల, శాతం, ఎప్పటిలోగా తెరవాలో రాయండి. పళ్లవి ముందు వరసలో, బరువువి వెనక. కరెంటు తరచూ పోయే ఊళ్లో అయితే తలుపు తియ్యకుండా ఉంచితే నాలుగైదు గంటలు చలి నిలుస్తుంది, ఆ లోపు కంగారు పడి సీసాలు బయటికి తియ్యకండి.